జేమ్స్ కామెరాన్ గారికి ఒక చీఫ్ ఇంజనీర్ బహిరంగ లేఖ

కామెరాన్ గారూ,

మీకు తెలుగు రాదు. ఈ ఉత్తరం మీ చేతికి చేరుతుందన్న భ్రమా నాకు లేదు. అయినా మీ పేరునే రాస్తున్నాను. టైటానిక్ అనగానే మా విశాఖపట్నంలో బడిపిల్లల దగ్గర్నుంచి పింఛను పుచ్చుకునేవాళ్ళ దాకా అందరికీ మెదిలేది మీ సినిమాయే. ఆ ఓడలో ఎవరిని తలుచుకోవాలో, ఎవరిని మరిచిపోయినా ఫర్వాలేదో 1997లో మీరు తేల్చేశారు. కాబట్టి అర్జీ పెట్టుకుంటే మీకే పెట్టుకోవాలి. దాన్ని నలుగురూ చదివేలా రాయడానికి ఇంకో కారణం ఉంది. ఇందులో నేను చెప్పబోయే సంగతి మీకంటే ఎక్కువగా తెలియాల్సినవాళ్ళు మా తీరం పొడవునా ఉన్నారు. కొడుకుని మెరైన్ ఇంజనీరింగులో చేర్పించి దీవించి పంపిన తల్లిదండ్రులు వాళ్ళు. మొగుడు ఓడ మీద ఉంటే పిల్లల బడి, అత్తమామల మందులు, ఇంటి లోను అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న ఆడవాళ్ళు వాళ్ళు.

నేను ఇంజన్ రూం మనిషిని. జూనియర్‌గా బాయిలర్ సూట్ వేసుకుని చేరి, చీఫ్‌గా సైన్ ఆఫ్ అయ్యాను. అందుచేత మీ సినిమాలో జనం మెచ్చుకున్న దృశ్యాలకంటే ముందు నాకు నచ్చింది వేరే ఉంది. ఐస్‌బర్గ్ కనబడగానే కింద ఇంజన్‌ని వెనక్కి తిప్పే ఆ ఒకటి రెండు నిమిషాలు. ఆవిరి కట్టెయ్యడం, ఇంజన్ ఆగడం, మళ్ళీ ఎదురు తిరగడం. ఇవన్నీ ఒక్క మీట నొక్కితే అయ్యేవి కావని ఒడ్డున ఉండేవాళ్ళకి మొదటిసారి చూపించింది మీరే. ఆ ఇంజన్ టైటానిక్‌ది కాదనీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో భద్రంగా ఉంచిన ‘జెరిమయా ఓబ్రయన్’ అనే రెండో ప్రపంచ యుద్ధకాలపు లిబర్టీ ఓడదనీ, దాన్నే పెద్దగా కనబడేట్టు చేశారనీ తెలిశాక మీ మీద గౌరవం ఇంకా పెరిగింది. పెయింటు వేసిన అట్టముక్కలతో సరిపెట్టకుండా నిజంగా తిరిగే ఇంజన్ దగ్గరికి కెమెరా పట్టుకెళ్ళారు. మా పని మీద మర్యాద లేనివాళ్ళు ఆ శ్రమ పడరు.

ఇక నా ఫిర్యాదు. ఆ ఇంజన్ దగ్గర నిలబడ్డ చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ బెల్‌కి మీ సినిమాలో పేరుంది, పనుంది. ఇల్లు లేదు. జాక్ ఏ ఊరివాడో మీరు చెప్పారు, రోజ్ ఇంటికి అప్పులున్నాయని చెప్పారు. అవి కల్పించిన మనుషుల సంగతులు. నిజంగా బతికి, నిజంగా పోయిన ఈ మనిషికి ఒక పెళ్ళాం, నలుగురు పిల్లలు ఉన్నారన్న ముక్క మాత్రం ఎక్కడా వినబడదు. ఓడలో ప్రేమకథ పైడెక్కుల మీదే నడుస్తుంది, కింద బొగ్గూ ఆవిరీ తప్ప ఏమీ ఉండవు అని చూసినవాడికి అనిపిస్తుంది. నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓడ మొత్తంలో ఇంటి గురించి ఎక్కువగా మాట్లాడుకునే చోటు ఇంజన్ రూమే. కిటికీ ఉండదు, సముద్రం కనబడదు. చూసుకోవడానికి గేజీలూ, తలుచుకోవడానికి ఇల్లూ ఉంటాయి.

బెల్ జీవితం ఎలా గడిచిందో క్లుప్తంగా చెబుతాను. 1861లో ఇంగ్లండు ఉత్తరాన, స్కాట్లండు సరిహద్దుకి దగ్గర్లో, కార్లైల్ పట్నం అవతల ఫార్లమ్ అనే చిన్న పల్లెలో పుట్టారు. రైతు బిడ్డ. ఫార్లమ్‌కి సముద్రం కనుచూపు మేరలో ఉండదు. చదువయ్యాక న్యూకాసిల్‌లో రాబర్ట్ స్టీఫెన్‌సన్ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరారు. రైలింజన్లకు పేరుపడ్డ ఆ వర్క్‌షాపులో పని నేర్చుకున్నాక, దక్షిణ అమెరికాకి ఓడలు నడిపే లాంపోర్ట్ అండ్ హోల్ట్‌లో కొన్నాళ్ళు చేసి, 1885లో వైట్ స్టార్ లైన్‌కి మారారు. న్యూయార్క్ దారిలోనూ న్యూజిలాండ్ దారిలోనూ ఓడల మీద పనిచేస్తూ 1891లో ‘కాప్టిక్’ ఓడకి చీఫ్ అయ్యారు. అప్పటికి ముప్పయ్యేళ్ళు. చీఫ్ అయిన రెండేళ్ళకి మాడ్ బేట్స్ అనే ఆమెను పెళ్ళాడారు.

ఈ వరసను మా వాళ్ళెవరికైనా చూపించండి, ఇట్టే పోల్చుకుంటారు. ముందు టికెట్లు, అంటే అర్హత పరీక్షలు, పాసవ్వాలి, చీఫ్ కావాలి, ఆ తరవాతే పెళ్ళి. మా ఉత్తరాంధ్రలో ఇవాళ్టికీ అదే లెక్క. పిల్లనిచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘క్లాస్ వన్ అయిందా’ అనే. పెళ్ళయ్యాక సెలవు ఎన్నాళ్ళుంటుందని అడగడం ఎవరికీ తోచదు.

బెల్ పెళ్ళికి, ఆయన చావుకి మధ్య పంతొమ్మిదేళ్ళు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఇంట్లో ఉన్న రోజులెన్నో, నీళ్ళమీద గడిచిన రోజులెన్నో నేను లెక్క కట్టలేను గానీ, ఆవిరి ఓడలో న్యూజిలాండ్ వెళ్ళి రావడమంటే నెలల మాట అని మాత్రం చెప్పగలను. న్యూయార్క్ దారి కాస్త నయం, వారాల్లో తిరిగొస్తారు. అయినా నలుగురు బిడ్డలు పుట్టారు, పెరిగారు. పెద్దకొడుకు ఫ్రాంక్ తండ్రి దారే పట్టాడు. బెల్‌ఫాస్ట్‌లో టైటానిక్‌ని కట్టిన హార్లండ్ అండ్ వూల్ఫ్ షిప్‌యార్డులోనే అప్రెంటిస్‌గా చేరాడు. నన్నడిగితే, బెల్ ఎలాంటి తండ్రో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇంట్లో కనబడని తండ్రి పనిని కొడుకు కోరుకున్నాడంటే, కనబడిన ఆ కాస్త కాలంలో ఆ తండ్రి ఇంటికి మోసుకొచ్చింది విసుగు అయ్యుండదు.

1912 ఏప్రిల్ 2న టైటానిక్ బెల్‌ఫాస్ట్ నుంచి సౌతాంప్టన్‌కి బయల్దేరింది. ‘ఒలింపిక్’ నుంచి బదిలీ అయి వచ్చిన బెల్ చీఫ్. ఆ మొదటి విడతలో ఫ్రాంక్ కూడా తండ్రితో పాటు ప్రయాణం చేశాడు. కామెరాన్ గారూ, ఇంతటి దృశ్యం చేతిలో ఉండి మీరెలా వదిలేశారో నాకు అర్థం కాదు. ఒక్కొక్కటీ మూడంతస్తుల మేడంత ఎత్తున్న రెండు పిస్టన్ ఇంజన్లు. వాటి నుంచి వచ్చే ఆవిరిని వృథా పోనివ్వకుండా దానితోనే నడిచే టర్బైన్ ఒకటి. 29 బాయిలర్లు, 159 పొయ్యిలు. రోజుకి ఆరు వందల టన్నుల దాకా బొగ్గు, అదీ మనుషులు పారలతో వెయ్యాలి. వీటన్నిటి మధ్యా తండ్రి ముందు నడుస్తుంటే, వాటిని కట్టిన యార్డులోనే పని నేర్చుకుంటున్న కొడుకు వెనకాల. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇంజనీర్ తండ్రీ ఇంజనీర్ కొడుకూ అయితే బేరింగుల వేడి గురించే మాట్లాడుకుని ఉంటారని నేను పందెం కాస్తాను. మావాళ్ళకు ముద్దుమురిపాలు ఆ భాషలోనే వస్తాయి.

ఫ్రాంక్ తన పనికి తిరిగెళ్ళాడు. ఓడ ఏప్రిల్ 10న సౌతాంప్టన్ వదిలి, ఆ సాయంత్రం షెర్‌బర్గ్, మర్నాడు ఐర్లండులోని క్వీన్స్‌టౌన్ చేరింది. టపా దిగిన ఆఖరి రేవు అదే. ఏప్రిల్ 11 తేదీతో బెల్ కొడుక్కి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. అందులో సంగతులు మూడే. ఒకటి, సౌతాంప్టన్ నుంచి పరుగు బాగా సాగింది, అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. రెండు, రేవు వదులుతుంటే మా ప్రొపెల్లర్ల తోపుడుకి పక్కనున్న ‘న్యూయార్క్’ ఓడ మోకులు తెంచుకుని మా మీదికి రాబోయింది, టగ్గులు పట్టుకున్నాయి, నష్టమేం లేదు గానీ కాసేపు గండంలాగే కనబడింది. మూడు, ఒళ్ళు జాగ్రత్త, బుద్ధిగా ఉండు. కింద ప్రేమతో నాన్న అని సంతకం.

ఈ ఉత్తరం నాకు ఎంత తెలిసినదో చెప్పలేను. ఇంజన్ బాగుంది అని రాస్తే నేను క్షేమం అని అర్థం. గండం తప్పిందని రాస్తే, పేపర్లో చూసి కంగారు పడకు, నా నోటితోనే చెబుతున్నాను అని అర్థం. మా రోజుల్లోనూ ఉత్తరాలు ఇలాగే ఉండేవి. రేవులో ఏజెంటు బోటెక్కి సంచి తెచ్చేవాడు. రెండు మూడు రేవుల టపా ఒకేసారి కలిసిపోయి వచ్చేది. ఏది ముందు రాసిందో ఏది తరవాతదో తెలిసేది కాదని మా ఆవిడ కవర్ల మూలన నంబర్లు వేసేది. నంబరు వరసలో పేర్చుకుని, ఒక్కో వాచ్ డ్యూటీ అయ్యాక ఒక్కటే చదువుకునేవాణ్ణి, అన్నీ ఒక్కరోజే అయిపోకుండా. పాపకి జ్వరం అని ఒక నంబరులో ఉంటే, తగ్గిందన్న మాట తరవాతి నంబరులో ఉండేది. మధ్య నంబరు ఒకటి తప్పిపోతే రేవు వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. సాటిలైట్ ఫోన్లు వచ్చాక కూడా చాలాకాలం నిమిషానికి ఇన్ని డాలర్లని చూసుకుని మాట్లాడుకున్నాం. ఇప్పటి కుర్రాళ్ళకి వాట్సాప్ ఉంది. ఓడ మీద నావికులకు ఇంటర్నెట్ సదుపాయం కల్పించాలన్న నియమం 2024 డిసెంబరు నుంచి అంతర్జాతీయ కన్వెన్షన్‌లోనే చేరింది. ఆ రెండు కాలాల మధ్య బతికినవాణ్ణి గనక బెల్ ఉత్తరంలోని పొదుపు నాకు తెలుసు.

ఇక ఆ రాత్రి సంగతి. ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకి ఓడ మంచుకొండను ఒరుసుకుంది. 2 గంటల 20 నిమిషాలకి మునిగిపోయింది. మధ్యలో రెండు గంటల నలభై నిమిషాలు. పైన ఆ సమయంలో ఏం జరిగిందో మీరు వివరంగా చూపించారు. కింద ఏం జరిగిందో ఒకే ఒక బాయిలర్ రూం దగ్గర నిలబడి చూద్దాం. అయిదో నంబరు. ఫ్రెడరిక్ బారెట్ అనే స్టోకర్ల మేస్త్రీ బతికి బయటపడి, లండన్ విచారణలో చెప్పిన వాంగ్మూలం ఇది. పక్కనున్న ఆరో నంబరులోకి నీళ్ళు వచ్చేశాయి. అయిదులో బాయిలర్ల పొయ్యిల్లోంచి నిప్పు లాగెయ్యమని ఉత్తర్వు. ఎర్రటి బొగ్గు మీద నీళ్ళు పోస్తే గదంతా ఆవిరి కమ్ముకుంది, చెయ్యి చాస్తే కనబడదు. పంపుల వాల్వులు తిప్పడానికి హార్వీ అనే ఇంజనీర్ నేల మీద మ్యాన్‌హోల్ పలక ఎత్తించాడు. షెపర్డ్ అనే ఇంకో ఇంజనీర్ హడావుడిగా అటు పోతూ, ఆవిరిలో ఆ గుంట కనబడక అందులో పడ్డాడు. కాలు విరిగింది. హార్వీ, బారెట్ కలిసి లేవదీసి పంప్ రూంలో పడుకోబెట్టారు. పావుగంట తిరిగేసరికి బాయిలర్ల మధ్య సందులోంచి నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. హార్వీ బారెట్‌ని నిచ్చెనెక్కమన్నాడు. బారెట్ ఎక్కి బతికాడు. హార్వీ, షెపర్డ్ రాలేదు.

మ్యాన్‌హోల్ పలక తీసి మూయకపోవడం ఎంత ప్రమాదమో మా వృత్తిలో మొదటి వారమే నేర్పుతారు. ఆ రాత్రి దాన్ని తెరవక తప్పలేదు, మూసే తీరిక లేదు. వెనక సొరంగంలోంచి నలుగురు పడితేగాని కదలని లావుపాటి పీల్చుగొట్టం తెచ్చి ముందుకి మోసుకుపోవడానికి, మూసిన వాటర్‌టైట్ తలుపులు మళ్ళీ ఎత్తించారు. ఇంకోపక్క వెనక బాయిలర్లలో ఆవిరి నిలబెట్టి డైనమోలు తిప్పారు. నాలుగు డైనమోలు, ఒక్కోటి 400 కిలోవాట్లు. ఓడ మునగడానికి ఒకటి రెండు నిమిషాల ముందు దాకా దీపాలు వెలిగాయంటే దాని వెనక ఉన్నది ఈ పని. వెలుగు ఉండబట్టే పడవలు దించడం సాగింది, కరెంటు ఉండబట్టే వైర్‌లెస్ కుర్రాళ్ళు చివరిదాకా మోర్స్ కొట్టగలిగారు. ‘కార్పాథియా’ వచ్చి ఏడు వందల చిల్లర మందిని ఎక్కించుకుంది. బెల్‌తో కలిపి పాతికమంది ఇంజనీర్లు. ఎలక్ట్రీషియన్లు, బాయిలర్ మేకర్లు, ప్లంబరు, గుమాస్తాతో కలిపితే 35 మంది. ఒక్కడూ మిగల్లేదు.

ఇక్కడికి రాగానే జనం కథ ముగించేస్తారు. ‘ప్రాణాలు అర్పించారు, తమ చోటు వదలకుండా కిందే జలసమాధి అయ్యారు’ అంటారు. స్మారకాల మీదా, ఉపన్యాసాల్లోనూ అదే మాట. నా అర్జీ అసలు ఈ మాట మీదే. విచారణ కాగితాలు వేరే చెబుతున్నాయి. ఫ్రెడరిక్ స్కాట్ అనే గ్రీజర్, ఇంజన్లకు నూనె పెట్టే మనిషి, సాక్ష్యం ఇచ్చాడు. ఇక చెయ్యగలిగింది లేదని కిందివాళ్ళను వదిలిపెట్టాక, ఇంజనీర్లు కూడా పైకి వచ్చారనీ, బోట్ డెక్కు మీద వెనక వైపు ఎలక్ట్రిక్ క్రేన్ దగ్గర నిలబడి ఉండగా తాను చూశాననీ చెప్పాడు. అప్పటికి పడవలు వెళ్ళిపోయాయి. ఆ గుంపులో బెల్ ఉన్నారా లేరా అన్నది చెప్పగల మనిషి మిగల్లేదు. ఆయన శవం దొరకలేదు. వయసు 51.

ఆ మనుషులు పైకి వచ్చారు. నాకు ఆ వాంగ్మూలంలో అన్నిటికంటే విలువైన ముక్క అది. పని ఉన్నంతసేపూ పని చేశారు, పని అయిపోగానే ఇంటికి వెళ్ళే దారి వెతుక్కున్నారు. చావడానికి సిద్ధపడి కూర్చున్నవాళ్ళు కాదు వాళ్ళు. పెళ్ళాం బిడ్డల దగ్గరికి పోదామని నిచ్చెనలెక్కి వచ్చినవాళ్ళు. పైకి వస్తే పడవ లేదు. ఎందుకు లేదు? ఓడలో సుమారు 2,200 మంది ఉంటే, ఉన్న 20 పడవల్లో పట్టేది 1,178 మందికే. అదీ చట్టం అడిగిన దానికంటే ఎక్కువే. చట్టం ఓడ టన్నేజీని బట్టి పడవల లెక్క కట్టింది, ఎక్కే మనుషుల్ని బట్టి కాదు. 1914లో సముద్రంలో ప్రాణరక్షణ కోసం సోలాస్ కన్వెన్షన్ తెచ్చి మార్చవలసివచ్చిన సంగతి అదే. ‘త్యాగం’ అని మనం పేరు పెట్టిన చోట కాగితాల మీద కనబడేది పడవల కొరత. త్యాగం అనేస్తే ఆ లోటు ఎవరి పద్దులో పడాలో అడిగే పని తప్పిపోతుంది. వీరుడు అనిపించుకున్నవాడు ఇంటికి రాకపోయినా జనానికి లోటు అనిపించదు. నాన్న రాకపోతే అనిపిస్తుంది. అందుకే బెల్‌ని నాన్నగా చూపించమంటున్నాను.

మా వృత్తిలో ఒక కథ ప్రచారంలో ఉంది. ఇంజనీర్ల భుజం మీద బంగారు గీతల మధ్య ఉండే ఊదా రంగు టైటానిక్ ఇంజనీర్ల గౌరవార్థం అయిదో జార్జి రాజు ఇచ్చిందని కేడెట్లకు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. బ్రిటిష్ నేవీ ఇంజనీర్లకు ఆ రంగు 1860ల నుంచే ఉంది, బెల్ బాల్యం నాటికే. కేడెట్లకు నేను చెప్పుకొచ్చింది ఇంకోటి. 1912లోనే ఆ ఇంజనీర్ల కుటుంబాల కోసం ఒక నిధి పెట్టారు. లండన్‌లోని మెరైన్ ఇంజనీర్ల సంస్థ దాన్ని నడిపింది. 1934 నుంచి అది గిల్డ్ ఆఫ్ బెనెవలెన్స్ అనే పేరుతో, ఇబ్బందుల్లో ఉన్న మెరైన్ ఇంజనీర్లకూ వాళ్ళ ఇళ్ళకూ సాయం చేస్తూ వస్తోంది. రంగు కథ అబద్ధం, నిధి నిజం. జనానికి మాత్రం రంగే తెలుసు.

ఆ నిధి ఎందుకు కావలసివచ్చిందో కూడా చెప్పాలి. ఓడ మునిగిన నాటితోనే ఆ ఓడ సిబ్బంది జీతం లెక్క ఆగిపోయింది. అది ఒక్క కంపెనీ దుర్మార్గం కాదు, అప్పటి చట్టమే అలాంటిది. ఓడ పోతే కొలువు పోయినట్టే. ఓడ మునిగితే నావికుడికి రెండు నెలల దాకా జీతం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనోవాలో కన్వెన్షన్ చేసింది 1920లో. సౌతాంప్టన్ ఒక్క ఊళ్ళోనే ఆ ఓడ మీద పనిచేసినవాళ్ళు అయిదు వందల మందికి పైగా పోయారు. వీధులకు వీధులు తల్లులూ పెళ్ళాలూ కంపెనీ ఆఫీసు ముందు పేర్ల జాబితా కోసం నిలబడ్డారు. రెండేళ్ళకి, 1914 ఏప్రిల్ 22న, అదే ఊళ్ళోని పార్కులో ఇంజనీర్ల స్మారకం తెరిచారు. కంచు దేవత రెక్కలు చాచి నిలబడి ఉంటుంది, రెండు పక్కలా పనిలో ఉన్న ఇంజనీర్ల బొమ్మలు. లివర్‌పూల్ రేవులో ఇంకోటి లేచింది. దాన్ని టైటానిక్ ఇంజనీర్ల కోసమని మొదలుపెట్టారు. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఇంజన్ రూంలలో పోయినవాళ్ళు లెక్కకు మించిపోతే, ఇంజన్ రూం వీరులందరి పేరునా నిలిపారు. బెల్ ఊరు ఫార్లమ్ చర్చిలో కూడా ఆయన జ్ఞాపక ఫలకం ఉంది. రాయికీ కంచుకీ లోటు జరగలేదు.

ఈ పాత కథతో ఇవాళ పనేమిటంటారా? మమ్మల్ని పొగిడి, ఇంటికి మాత్రం పంపకుండా ఉంచడం ఆగలేదు గనక. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచంలో బియ్యం, మందులు, గ్యాసు, చమురు ఆగకుండా తిరిగాయంటే ఓడల వల్లే. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ డిసెంబరులో తీర్మానం చేసి నావికుల్ని కీలక ఉద్యోగులుగా గుర్తించమంది. అదే ఏడాది చివరికి, కాంట్రాక్టు అయిపోయినా ఓడ దిగలేక చిక్కుకుపోయినవాళ్ళు నాలుగు లక్షల మంది దాకా ఉన్నారని అంతర్జాతీయ సముద్ర సంస్థే చెప్పింది. ‘జగ్ ఆనంద్’ ఓడలో 23 మంది భారతీయులు ఆస్ట్రేలియా బొగ్గుతో వెళ్ళి, ఆ జూన్ నుంచి చైనాలోని జింగ్‌టాంగ్ రేవు బయట లంగరు వేసుకుని కూర్చున్నారు. సరుకు దించనివ్వలేదు, మనుషుల్నీ దిగనివ్వలేదు. చివరికి 2021 జనవరిలో జపాన్‌లోని చీబా రేవుకి వెళ్ళి దిగాల్సి వచ్చింది. రేవు కనబడుతుంటుంది, రిలీవర్ రాడు, ఇంట్లో పండగలు గడిచిపోతుంటాయి.

కరోనా పోయింది, ఓడల్ని గాలికొదిలేసే యజమానులు పోలేదు. జీతాలు, తిండి, డీజిలు అన్నీ ఆపేసి ఓడని ఏ రేవులోనో వదిలేసి పోతారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో అలా దిక్కులేకుండా పోయిన ఓడలు 312, మనుషులు 3,133. అందులో 899 మంది భారతీయులు. ఏ దేశంవాళ్ళూ అంతమంది లేరు. అలాంటి ఓడలో అందరికంటే ఆఖరున దిగేది ఇంజనీరే. జనరేటర్ ఆగితే వంట ఆగుతుంది, నీళ్ళాగుతాయి, రాత్రి దీపం ఆగుతుంది. డీజిలు ఎన్నాళ్ళొస్తుందో లీటర్లలో లెక్కపెట్టుకుంటూ రోజుకి కొద్ది గంటలే జనరేటర్ తిప్పేవాడు అతనే. బెల్ డైనమోల దగ్గర చేసిన పనికీ ఈ పనికీ తేడా నాకు కనబడదు. అక్కడ రెండు గంటల నలభై నిమిషాలు, ఇక్కడ నెలల తరబడి. సినిమా తీసేంత ఐస్‌బర్గ్ లేదు గనక ఎవరికీ తెలియదు.

కాబట్టి కామెరాన్ గారూ, నేను అడిగేది చాలా చిన్నది. మీరు లోపల ఇంకో సీను తియ్యాలని కాదు. 2027 డిసెంబరుకి మీ సినిమాకి ముప్పయ్యేళ్ళు నిండుతాయి. అప్పుడు మళ్ళీ థియేటర్లకి తెస్తే, చివర పేర్లు పడేచోట ఆ 35 మంది పేర్లూ వెయ్యండి. ఒక్కో పేరు పక్కన వాళ్ళ కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూశారో వెయ్యండి: భార్య, ఇంతమంది పిల్లలు, లేదా తల్లి. వరసలో మొదట జోసెఫ్ బెల్, పక్కన మాడ్, నలుగురు పిల్లలు. ఫ్రాంక్‌కి రాసిన ఉత్తరాన్ని తెర మీద అర నిమిషం నిలపండి. ఆ విడతలో వచ్చిన డబ్బులో కొంత నావికుల కుటుంబాలకు సాయపడే నిధులకి ఇవ్వండి.

ఇది జరగని పనేం కాదు. మీ సినిమాలో ఫస్ట్ ఆఫీసర్ మర్డాక్ ఇద్దరు ప్రయాణికుల్ని కాల్చి తననూ కాల్చుకున్నట్టు చూపించారు. స్కాట్లండులోని ఆయన ఊరు డాల్‌బీటీలో బంధువులు నొచ్చుకున్నారు. 1998లో స్టూడియో ప్రతినిధి ఆ ఊరికి వెళ్ళి క్షమాపణ చెప్పి, అక్కడి హైస్కూల్లో మర్డాక్ పేరున ఉన్న బహుమతి నిధికి 5,000 పౌండ్లు ఇచ్చి వచ్చారు. చనిపోయి ఎనభయ్యేళ్ళు దాటిన మనిషి కోసం ఒక ఇల్లు అడిగింది, మీవాళ్ళు మన్నించారు. బెల్ విషయంలో మీరు తప్పుగా చూపించింది లేదు. చూపించకుండా వదిలిన సగం ఉంది, దాన్ని పూరించమనే నా మనవి.

మా తీరంలో ఈ ఉత్తరం చదువుతున్న ఇళ్ళకి కూడా ఒక మాట. మీ అబ్బాయి ఓడెక్కే ముందు, పంపిస్తున్న ఏజెంటుకి డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో చూడండి. కొలువు ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు గుంజకూడదని నియమం ఉంది. లక్షలు అడిగేవాడి గుమ్మం తొక్కకండి. కాంట్రాక్టు ప్రతి ఒకటి ఇంట్లో పెట్టుకోండి. దాని మీద దిగాల్సిన తేదీ ఉంటుంది. భారతదేశం 2015లో ఒప్పుకున్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ప్రకారం ఏడాది నిండకముందే ఇంటికి పంపాలి, ఖర్చు యజమానిదే. ఆ తేదీ దాటితే అబ్బాయి సర్దుకుపోతానంటాడు. మావాళ్ళకి సర్దుకుపోవడం అలవాటు, చీఫ్ మంచివాడు, ఇంకో నెలేగా అంటాడు. మీరు సర్దుకోకండి, ఉత్తరాలు రాయండి, ఫోన్లు చెయ్యండి, యూనియన్ని అడగండి. ఇంటి మీద ప్రేమతోనే అతను ఓడెక్కాడు. దింపే తేదీ గుర్తుపెట్టుకోవడం ఇంటివాళ్ళ వంతు.

కామెరాన్ గారూ, మీ జవాబు కోసం ఎదురు చూడను. 2027 డిసెంబరులో మాత్రం టికెట్టు కొనుక్కుని, దీపాలు వేసేదాకా సీట్లో కూర్చుని, ఆఖరి పేరు దాకా చదువుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్
విశాఖపట్నం